నీరు ఎక్కడ దిగాలి?

ఉష్ణోగ్రత 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం. వానాకాలంలో విశాఖ తీరాన ఇలాంటి సాయంత్రాలు మామూలే. ఆ గాలి ఒక ఘనపు మీటరు తీసుకుంటే అందులో సుమారు 24 గ్రాముల నీరు ఆవిరిగా ఉంటుంది. ఆ గాలిని 200 బార్ల పీడనానికి కుదించి, మళ్లీ 30 డిగ్రీలకు చల్లారనిస్తే అంతా కలిపి ఐదు లీటర్ల చోటులోకి వచ్చేస్తుంది. ఎంత ఆవిరి నిలుస్తుందన్నది ముఖ్యంగా చోటునూ వేడినీ బట్టి ఉంటుంది. ఆ చోటులో గాలి ఎంత దట్టంగా ఉన్నా దానితో పెద్దగా తేడా రాదు. 30 డిగ్రీల దగ్గర ఐదు లీటర్ల చోటులో అర గ్రాము ఆవిరి కూడా నిలవదు. కాబట్టి మిగిలిన 23 గ్రాములకు పైగా నీరు చుక్కలై దిగాల్సిందే. తడిబట్టను పిండితే ఏమవుతుందో గాలిని పిండినా అదే అవుతుంది.

దిగకుండా ఆపగలిగే యంత్రం ఏదీ లేదు. ఎక్కడ దిగాలో నిర్ణయించడం మాత్రం మనిషి చేతిలో ఉంది. కంప్రెసర్ పక్కనున్న స్టీలు గొట్టం అడుగున దిగితే డ్రెయిన్ తిప్పి పారబోయవచ్చు. గాలి పీడనంతో గుండు పేల్చే ఎయిర్ రైఫిల్ సిలిండర్‌లో దిగితే లోహాన్ని తినడం మొదలుపెడుతుంది. ఆ రైఫిల్‌లో పీడనాన్ని అదుపుచేసే రెగ్యులేటర్ సీటు మీద దిగితే గురి చెడుతుంది. అధిక పీడన గాలితో పనిచేసే మంచి పరికరాలన్నిటినీ ఈ దృష్టితో చూస్తే వాటి తయారీదార్ల తెలివి బయటపడుతుంది. వాళ్లు నీటితో తలపడకుండా, అది హాని చేసే చోటికి చేరేలోపే దిగడానికి మరో చోటు చూపిస్తారు. ఆ చోట్లను ఒకదాని తర్వాత ఒకటి దగ్గరగా చూద్దాం.

ముందు, ఇంత శ్రద్ధ ఎవరికి అవసరమో చెప్పాలి. 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ ఒలింపిక్ క్రీడ. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం గెలిచింది ఇందులోనే. 2012లో లండన్‌లో మన హైదరాబాద్ కుర్రాడు గగన్ నారంగ్ కంచు పతకం తెచ్చిందీ ఇందులోనే. ఆ రోజు నారంగ్ మొత్తం 701.1, రజతం గెలిచిన ఇటలీ షూటర్ కాంప్రియాని మొత్తం 701.5. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో వ్యక్తిగత రజతం గెలిచిన 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ కూడా ఇలాంటి గాలి ఆయుధమే. రైఫిల్ లక్ష్యం మీద పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. దశాంశాల లెక్కలో ఒక్కో పదో వంతు పాయింటుకు పావు మిల్లీమీటరు.

అర గ్రాము చిల్లర బరువుండే 4.5 మిల్లీమీటర్ల సీసపు గుండు సెకనుకు దాదాపు 170 మీటర్ల వేగంతో బయలుదేరుతుంది. లక్ష్యం చేరేలోపు 17 మిల్లీమీటర్లకు కాస్త అటూఇటూగా కిందికి జారుతుంది. షూటర్ ఆ జారుడును ముందే లెక్కలోకి తీసుకుని సైట్లు సరిచేసుకుంటాడు. అయితే వేగం ఒక్క శాతం మారిందంటే గుండు తగిలే చోటు మిల్లీమీటరులో మూడో వంతు పైకో కిందికో పోతుంది. అంటే పదో వంతు పాయింటుకు పైనే. గుండు వేగం దాని వెనకున్న గాలి పీడనాన్ని బట్టి ఉంటుంది. ఆ పీడనం నిలకడగా ఉండాలంటే లోపలి చిన్న భాగాలు శుభ్రంగా, పొడిగా ఉండాలి. నీటి చుక్కకూ పతకానికీ దూరం ఇంతే.

పని మొదలయ్యేది కంప్రెసర్ దగ్గర. గాలిని ఒక్క ఊపులో 300 బార్లకు నొక్కడం కుదరదు, వేడికి అన్నీ మాడిపోతాయి. అందుకే మూడు నాలుగు దశలు. మూడు దశల యంత్రంలో ఒక్కో దశ పీడనాన్ని సుమారు ఆరున్నర, ఏడు రెట్లు పెంచుతుంది. మొదటి సిలిండర్ వెడల్పుగా ఉంటుంది, రెండోది సన్నం, చివరి దశ పిస్టన్ అయితే వేలెడంత లావే. ఒక్కో దశ దాటాక గాలి మెలికలు తిరిగిన గొట్టంలోంచి పోతుంది. ఎదురుగా ఫ్యాను తిరుగుతుంటుంది. ఈ మెలికలు యంత్రాన్ని కాపాడటానికే అనుకుంటాం. నీటిని దింపేదీ అవే. నొక్కినప్పుడు గాలి నూరు డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, ఆ వేడిలో ఆవిరి ఆవిరిగానే ఉండిపోతుంది. చల్లబడినప్పుడే చుక్క కడుతుంది. కూలర్ ముందు, సెపరేటర్ తర్వాత అన్న వరసకు కారణం అదే. ఆ వరస తారుమారైతే సెపరేటర్ ఉన్నా లేనట్టే.

సెపరేటర్ చూడటానికి లావుపాటి స్టీలు గొట్టం, అంతే. చల్లబడిన గాలి లోపలికి రాగానే చోటు వెడల్పవుతుంది, వేగం తగ్గుతుంది, దారి ఒక్కసారిగా మళ్లుతుంది. గాలి తేలిక కనుక మలుపు తిరుగుతుంది. చుక్క బరువు కనుక తిన్నగా పోయి గోడకు కొట్టుకుని కిందికి జారుతుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు. చాలా యంత్రాల్లో మధ్యన కంచు పూసలతో చేసిన జల్లెడ ఉంటుంది. నలకంత కంచు గుండ్లను అచ్చులో పోసి, అవి కరగకుండా ఒకదానికొకటి అతుక్కునేంత మేరకే కాలుస్తారు. గుండ్ల మధ్య సందుల్లోంచి గాలి పోతుంది, సన్నటి తుంపర అందులో చిక్కుకుని పెద్ద చుక్కలై రాలుతుంది.

అడుగున డ్రెయిన్ ఉంటుంది. యంత్రం నడుస్తుండగా ప్రతి పావుగంటకూ దాన్ని కొద్దిగా తిప్పడం ఆపరేటర్ పని. ముందు పాలలాంటి తెల్లటి నీరు వస్తుంది. సిలిండర్ నూనె, గాలిలోని నీరు కలిసి అలా చిలకబడతాయి. అది ఆగి పొడిగాలి చప్పుడు వినబడగానే మూసేయాలి. పెద్ద యంత్రాల్లో ఈ పనిని కరెంటు వాల్వు తనంతట తానే చేస్తుంది. ఆ వాల్వు కరెంటు ఉంటే మూసుకుంటుంది, పోతే తెరుచుకుంటుంది. కరెంటు హఠాత్తుగా పోయినా లోపలి నీరు బయటకు పోతుంది. మళ్లీ వచ్చేసరికి పీడనం దిగిపోయి ఉంటుంది కనుక మోటారు మీద బరువు పడకుండా యంత్రం కదులుతుంది. ఏ స్థితిని మామూలు స్థితిగా ఎంచుకోవాలన్న చిన్న నిర్ణయంతో రెండు పనులు తీరాయి. ఇలాంటిది చూసినప్పుడు దాన్ని గీసిన మనిషికి దండం పెట్టాలనిపిస్తుంది.

ఇక్కడికి నీటిలో చాలా భాగం పోయింది. మిగిలిన గాలి పొడిగాలి మాత్రం కాదు. ఆ వేడి దగ్గర, ఆ చోటులో ఎంత ఆవిరి నిలవగలదో అంతా దానిలోనే ఉంది. ఒక్క డిగ్రీ చల్లబడినా మళ్లీ చుక్క కడుతుంది. దాన్ని పట్టడానికి ఫిల్టర్ టవర్ ఉంది. అందులోకి దిగే గుళిక నిండా లేత గోధుమరంగు పూసలు ఉంటాయి. వాటినే మాలిక్యులర్ సీవ్ అంటారు. అవి జియోలైట్లు, అంటే సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్ కలిసి పంజరాలుగా పేర్చుకున్న ఖనిజాలు. 1756లో స్వీడన్ ఖనిజ శాస్త్రవేత్త క్రోన్‌స్టెట్ ఒక రాయిని వేడిచేస్తే అది నురగలా పొంగి ఆవిరి వదలడం గమనించాడు. రాయి లోపల నీరు ఇల్లు కట్టుకుని ఉందని అప్పుడు తెలిసింది. 1940ల చివరి నుంచి అమెరికాలో యూనియన్ కార్బైడ్ సంస్థలో రాబర్ట్ మిల్టన్ అలాంటి పంజరాలను ప్రయోగశాలలోనే తయారుచేసే దారి కనిపెట్టాడు. 1950ల్లో అవి అమ్మకానికి వచ్చాయి.

వీటిలో ఒక రకానికి కిటికీ వెడల్పు నాలుగు ఆంగ్‌స్ట్రామ్‌లు. నీటి అణువు మూడుకు లోపే కనుక సులభంగా దూరుతుంది. లోపలున్న సోడియం అయాన్లు దాన్ని పట్టి ఉంచుతాయి. కొత్త చెప్పుల డబ్బాలో దొరికే సిలికా జెల్ పొట్లం కూడా తేమ పీలుస్తుంది కానీ, గాలి ఆరిపోయేకొద్దీ దాని పట్టు సడలుతుంది. జియోలైట్ అలా కాదు. గాలిలో తేమ అతి తక్కువకు పడిపోయాక కూడా గట్టిగా లాగుతుంది, తన బరువులో ఐదో వంతు దాకా నీటిని దాచుకోగలదు. దాచుకున్నది వదలాలంటే 250, 300 డిగ్రీల వేడి కావాలి. ఊపిరి పీల్చే సిలిండర్లకు యూరప్‌లో పాటించే ఈఎన్ 12021 ప్రమాణం 200 బార్ల సిలిండర్‌లో ఘనపు మీటరు గాలికి 50 మిల్లీగ్రాములకు మించి నీరు ఉండకూడదంటుంది. మన తీరపు గాలిలో ఉన్నది 24,000 మిల్లీగ్రాములు. ఈ రెండు అంకెల మధ్య దూరంలో ఎక్కువ భాగాన్ని సెపరేటర్ దాటిస్తుంది. చివరి అడుగు, అన్నిటికంటే కష్టమైన అడుగు, పూసలది.

గుళికలో పూసల తర్వాతే బొగ్గు పొర వస్తుంది. నూనె ఆవిరినీ వాసననూ పట్టే యాక్టివేటెడ్ బొగ్గు తడిస్తే మందగిస్తుంది. అందుకే దానికి ముందు పూసలను కాపలా పెట్టారు. కొన్ని టవర్లలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. గుళిక పెట్టడం మరిచిపోయి మూత బిగించి యంత్రం నడిపితే, గాలి ఓ చిన్న రంధ్రం గుండా బయటకు పోతుంది, పీడనం ఎక్కదు. గుళిక సరిగ్గా కూర్చుంటేనే దాని రబ్బరు ఓ-రింగు ఆ రంధ్రాన్ని కప్పుతుంది. మనిషి మరచిపోతాడని తెలిసి, ఆ మరుపు ఫలితం తడిగాలి రూపంలో ఎవరి సిలిండర్‌లోకో చేరకుండా లోహంలోనే కట్టడి చేశారు.

ఈ దారి మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం మాత్రం టవర్ తర్వాత వచ్చే చిన్న వాల్వు. దాన్ని ప్రెషర్ మెయింటైనింగ్ వాల్వు అంటారు. స్ప్రింగు, పిస్టన్, సీటు, అంతకుమించి ఏమీ లేదు. టవర్ లోపల పీడనం 150 బార్ల ప్రాంతానికి చేరేదాకా అది గాలిని ముందుకు పోనివ్వదు. దీని అవసరం అర్థం కావాలంటే అది లేకపోతే ఏమయ్యేదో ఊహించాలి. దాదాపు ఖాళీ అయిన సిలిండర్‌ను తగిలించాం, లోపల 20 బార్లే ఉన్నాయి. వాల్వు లేకపోతే సెపరేటర్‌లోనూ టవర్‌లోనూ కూడా 20 బార్లే ఉంటాయి. అంత తక్కువ పీడనంలో గాలి ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఎక్కువ చోటులో ఎక్కువ ఆవిరి నిలుస్తుంది. 150 బార్లతో పోలిస్తే ఏడున్నర రెట్లు నీరు సెపరేటర్‌ను తప్పించుకుని పూసల మీద పడుతుంది. పైగా పలచటి గాలి వేగంగా పరుగెడుతుంది, పూసలకు దాన్ని పట్టుకునే వ్యవధి ఉండదు.

వాల్వు పెట్టగానే ఈ రెండు చిక్కులూ వీడిపోతాయి. అవతల సిలిండర్ ఎంత ఖాళీగా ఉన్నా ఇవతల గాలి దట్టంగా, నెమ్మదిగా కదులుతుంది. పిండే పనిలో ఎక్కువ భాగం పీడనమే చేసిపెడుతుంది. కొత్త పదార్థం లేదు, అదనపు కరెంటు లేదు. గాలిని కాసేపు నిలబెట్టడమే దాని పని. యంత్రం ఆగాక కూడా టవర్‌లో పీడనం అలాగే నిలిచి ఉంటుంది కనుక బయటి చెమ్మగాలి పూసల్ని చేరదు. దాన్ని చేత్తో పట్టుకుంటే అరచేతిలో ఇమిడిపోతుంది, గుళికల జీవితమంతా మాత్రం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

వేడి సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు చోటులో 17 గ్రాముల ఆవిరి నిలుస్తుంది, 40 డిగ్రీల దగ్గర 51 గ్రాములు. మూడు రెట్లు. గాలాడని రేకుల షెడ్డులో కంప్రెసర్ పెడితే గుళిక మూడు రెట్లు త్వరగా నిండిపోతుందని అర్థం. మన వేసవిలో తెల్లవారుజామున సిలిండర్లు నింపుకునే షూటింగ్ రేంజి వాళ్లు తెలివైనవాళ్లు. చల్లదనానికి ఖర్చు లేదు.

పొడి గాలి ఇప్పుడు నిల్వ సిలిండర్‌లోకి చేరింది. ఇది సాధారణంగా స్కూబా డైవర్లు వాడే రకమే. దీని వాల్వు విప్పి చూస్తే కింది కొసన సన్నటి గొట్టం ఒకటి సిలిండర్ లోపలికి వేలాడుతుంటుంది. మొదటిసారి చూసినవాళ్లకు అది దేనికో అర్థం కాదు. సిలిండర్ పక్కకు ఒరిగినా, తలకిందులైనా, లోపల చేరిన కాస్త నీరూ తుప్పు పొడీ భుజం చుట్టూ పేరుకుంటాయి. గొట్టం నోరు వాటికంటే ఎత్తులో ఉంటుంది కనుక మురికి వాల్వులోకి రాదు. డైవర్‌కైతే అది ప్రాణానికి సంబంధించిన సంగతి. రైఫిల్‌కు రెగ్యులేటర్ ఆయుష్షుకు సంబంధించింది.

స్టీలు సిలిండర్‌లో నీరు ఎందుకంత ప్రమాదమో ఒక్క లెక్కతో తెలుస్తుంది. గాలిలో 21 శాతం ఆక్సిజన్. 200 బార్ల గాలిలో ఆక్సిజన్ వాటా పీడనమే 42 బార్లు. బయట నెలలు పట్టే తుప్పు అక్కడ చాలా వేగంగా పాకుతుంది. తడిసిన స్టీలు సిలిండర్‌ను నెలల తరబడి నింపి వదిలేస్తే తుప్పు లోపలి ఆక్సిజన్‌నే తినేస్తుంది. ఆ గాలి పీల్చిన డైవర్లు ప్రాణాలు పోగొట్టుకున్న సందర్భాలున్నాయి. అల్యూమినియం సిలిండర్ ఎర్రగా తుప్పు పట్టదు కానీ నీరు తగిలితే తెల్లటి పొడి పుడుతుంది, లోపలి గోడ గుంటలు పడుతుంది.

అందుకే పరీక్షలు. వాల్వు విప్పి, సన్నటి దీపం లోపలికి దించి, చిన్న అద్దంతో భుజం లోపలివైపు చూస్తారు. నారింజ రంగు పలుచటి పూత ఒక సంగతి, గోరు తగిలే గుంట మరో సంగతి. ఆ తేడా చెప్పగలిగే కన్ను ఏళ్ల అలవాటుతో వస్తుంది. ఇంకోటి నీటి పీడన పరీక్ష. సిలిండర్‌ను నీళ్లతో నింపి, పని పీడనం కంటే ఎక్కువగా ఒత్తి, ఎంత సాగిందో, ఎంత వెనక్కి వచ్చిందో కొలుస్తారు. గాలితో చేస్తే సిలిండర్ పగిలినప్పుడు బాంబవుతుంది, నీరు అంతగా కుదించుకుపోదు కనుక ప్రమాదం తక్కువ. అంటే భద్రత కోసం సిలిండర్ నిండా ఆ నీళ్లే పోయాలి. పోసినవాళ్ల బాధ్యత అక్కడితో అయిపోదు. బోర్లించి, వేడి పొడిగాలి లోపలికి ఊది వెంటనే ఆరబెట్టాలి. లేకపోతే శుభ్రంగా మెరిసే స్టీలు మీద కాసేపట్లోనే సన్నటి ఎర్రపూత లేస్తుంది. మన దేశంలో ఈ సిలిండర్లు గ్యాస్ సిలిండర్ల నిబంధనల కిందకు వస్తాయి, నాగపూర్ కేంద్రంగా ఉన్న పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో వాటిని చూస్తుంది. పరీక్షా కేంద్రం పనితనం ఎలాంటిదో సర్టిఫికెట్ మీద ఉండదు. తిరిగి వచ్చిన సిలిండర్ లోపలికి దీపం వేస్తే తెలుస్తుంది.

ఇప్పుడు రైఫిల్. బ్యారెల్ కింద బిగించే సిలిండర్ మూరెడు పొడవు కూడా ఉండదు. ఒక కొసన పీడనం చూపే చిన్న గడియారం, రెండో కొసన వాల్వు. 200 మిల్లీలీటర్ల సిలిండర్‌ను 200 బార్లకు నింపితే 40 లీటర్ల గాలి పడుతుంది. తీరపు గాలిని ఏ ఫిల్టరూ లేకుండా నింపితే ఒక్కసారికే దాదాపు గ్రాము నీరు, అంటే ఇరవై చుక్కలు. రోజూ సాధన చేసే షూటర్ ఏడాదికి ఎన్నిసార్లు నింపుతాడో తలుచుకుంటే భయమేస్తుంది.

సిలిండర్‌కూ ఫైరింగ్ వాల్వుకూ మధ్య రెగ్యులేటర్ ఉంటుంది. దీని పనితనమే ఈ క్రీడకు గుండెకాయ అని నా అభిప్రాయం. సిలిండర్‌లో పీడనం 200 నుంచి గుండు గుండుకూ తగ్గుతూ పోతుంది. రెగ్యులేటర్ దాన్ని ఒకే తక్కువ పీడనానికి దించి, ప్రతి గుండుకూ అంతే అందిస్తుంది. లోపల పుట్టగొడుగు ఆకారంలో చిన్న పిస్టన్. దాని సన్నటి కాడలోంచి నిలువునా రంధ్రం. వెడల్పాటి తల కింద గిన్నెల్లా వంచిన స్ప్రింగు వాషర్లు ఒకదానికి ఒకటి ఎదురుగా పేర్చి ఉంటాయి. కాడ కొస గట్టి ప్లాస్టిక్ సీటుకు ఎదురుగా ఉంటుంది. ఆ సందులోంచి గాలి వచ్చి, రంధ్రం గుండా తల వైపు చేరి, తలను నెడుతుంది. వాషర్ల బలం కంటే ఆ నెట్టుడు ఎక్కువైన క్షణాన కాడ సీటుకు ఆనుకుని దారి మూసేస్తుంది. గుండు పేలాక పీడనం తగ్గుతుంది, వాషర్లు పిస్టన్‌ను వెనక్కి నెడతాయి, మళ్లీ గాలి, మళ్లీ మూత. ఇదంతా కన్ను మూసి తెరిచేలోపు జరిగిపోతుంది.

ఆ కాడ కొసను లేత్ మీద తీర్చడంలోనే నేర్పంతా ఉంది. మరీ వాడిగా ఉంటే సీటును కోస్తుంది. మొద్దుబారితే గాలి ఊరుతుంది. అంచు చుట్టూ ఒకే ఎత్తులో, ఒక్క గీతైనా లేకుండా ఉండాలి. ఇంత సన్నటి చోట నీరు మూడు విధాలుగా హాని చేస్తుంది. ఒకటి తుప్పు పొడి. సిలిండర్ గోడ నుంచి రాలిన రేణువు ఒకటి అంచుకూ సీటుకూ మధ్య చిక్కితే దారి పూర్తిగా మూసుకోదు. గుండుకూ గుండుకూ మధ్య షూటర్ ఊపిరి సర్దుకుంటున్నంతసేపూ అవతలి పీడనం మెల్లగా పెరుగుతూనే ఉంటుంది. దీన్ని వాడేవాళ్లు క్రీప్ అంటారు. ఎక్కువసేపు ఆగి పేల్చిన గుండు వేరే వేగంతో పోతుంది. షూటర్ తన చెయ్యి వణికిందనుకుంటాడు. తయారీదారు ముందు జాగ్రత్తగా ఇక్కడ కూడా కంచు పూసల జల్లెడ పెడతాడు, ఈసారి గుండీ అంత సైజులో.

రెండోది మంచు. అధిక పీడన గాలి ఇరుకు సందులోంచి దూకి విస్తరిస్తే చల్లబడుతుంది. 200 బార్ల నుంచి వందకు లోపు దిగేటప్పుడు ఆ చల్లదనం 20 డిగ్రీల దాకా ఉంటుంది. ఒక్కో గుండుకు పోయే గాలి కొంచెమే, చుట్టూ ఉన్న లోహం వెంటనే వేడినిస్తుంది కనుక మన వాతావరణంలో అది గడ్డకట్టే దాకా పోదు. చలిదేశాల్లో మాత్రం చెమ్మ ఉన్న గాలి సీటు దగ్గర పలుకులు కడుతుంది. చల్లటి నీటిలో దిగే డైవర్లకు ఈ బెడద బాగా తెలుసు. మూడోది గ్రీజు. సిలికోన్ గ్రీజు పూసిన ఓ-రింగు మీద నీరు నిలిచి, గ్రీజును అక్కడక్కడా కడిగేస్తే పిస్టన్ ఒకచోట జారి ఒకచోట పట్టేస్తుంది. నీరు చేరిందని మామూలు నూనె వేసి తుడిచే అలవాటు మాత్రం ప్రాణాంతకం. అధిక పీడన గాలిలో నూనె పేలుతుంది.

ఓ-రింగు అనగానే వియన్నా వైపు ఒకసారి వెళ్లాలి. 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం కోసం బార్తొలొమియో జిరండోని చేసిన గాలి తుపాకికి మడమే గాలి తొట్టి. ఇనుప రేకు వంచి, రివిట్లు కొట్టి, అతుకు పెట్టి చేశారు. నింపడానికి పంపు 1,500 సార్లు కొట్టాలి. వరసగా ఇరవై గుళ్లు పేల్చేది. 1804లో అన్వేషకులు లూయిస్, క్లార్క్‌లు అమెరికా ఖండం దాటడానికి బయలుదేరినప్పుడు అలాంటి తుపాకి ఒకటి వెంట ఉంది. ఆ రోజుల్లో రబ్బరు రింగులు లేవు, తోలు బిళ్లలే. తోలు ఎండితే ముడుచుకుని గాలి వదిలేస్తుంది, తడిపి ఉబ్బిస్తేనే పట్టు. ఆనాటి పనివాడు గాలి నిలవడానికి నీటిని కావాలని చేర్చాడు, ఆ నీరే పక్కనున్న ఇనుప రేకును తింటుందని తెలిసి కూడా. అతుకులు, మరలు ఎంత బాగా కుదిరినా తోలుకూ ఇనుముకూ కావలసినవి వేరు. ఆ రెండిటి మధ్య బతికింది ఆ తుపాకి.

ఈనాటి రింగులు నైట్రైల్ రబ్బరువి, పాలీయురెథేన్‌వి. రెండోది అరుగుదలకు బాగా తట్టుకుంటుంది. అయితే దానిలో కొన్ని రకాలు వేడీ చెమ్మా కలిసిన చోట నీటితో చర్య జరిపి లోలోపలే విడిపోతాయి. మొదట జిగురుగా, తర్వాత పిండిలా అవుతాయి. జర్మనీలో ఏళ్లు నిలిచిన రింగు కాకినాడలో అన్నేళ్లు నిలవకపోతే అది తయారీ లోపం కాకపోవచ్చు. కాకినాడలో తుపాకి బాగుచేసే మనిషి ఈ సంగతి తెలుసుకుని ఏ రింగు ఎక్కడ వెయ్యాలో ఎంచుకుంటే అతనిదీ గొప్ప పనితనమే.

కంప్రెసర్ అందుబాటులో లేని షూటర్లకు చేతిపంపు ఉంది. మూడు దశల పంపులో గొట్టంలో గొట్టం, అందులో ఇంకో గొట్టం. పైకి లాగినప్పుడు ఒక దశ, కిందికి తొక్కినప్పుడు మరోటి. సైకిలు పంపుకంటే కాస్త పొడవైన వస్తువుతో మనిషి తన బరువుతోనే 200 బార్లు పుట్టించగలడంటే, ఆ గొట్టాల కొలతల్లో దాగిన నైపుణ్యం ఎంతో ఊహించవచ్చు. దీనిలో నీటిని దింపే చోటు అడుగున ఉంటుంది, పక్కనే మర తిప్పి వదిలే రంధ్రం. ఇక్కడ యంత్రం సగం పనే చేస్తుంది, మిగతా సగం మనిషి ఓపిక. ఆగకుండా కొడితే పంపు వేడెక్కుతుంది. వేడి పంపులో ఆవిరి చుక్క కట్టదు, గాలితోపాటు నేరుగా చల్లటి రైఫిల్ సిలిండర్‌లోకి పోయి అక్కడ దిగుతుంది. కొన్ని పదుల సార్లు కొట్టి, ఆగి, పంపు చల్లారనిచ్చి, మర తిప్పి నీరు వదిలి, మళ్లీ మొదలుపెట్టేవాడి తుపాకిలో తుప్పు తక్కువ. కొత్త పంపులకు అడుగున పూసల గదిని కూడా కలుపుతున్నారు. ఆ పూసలు మార్చకుండా ఏళ్లు వాడేస్తే గది ఉన్నా లాభం లేదు.

రైఫిల్ సిలిండర్లకు చాలామంది తయారీదార్లు పదేళ్ల గడువు ముద్రిస్తారు. పోటీల నియమాల ప్రకారం గడువు దాటని సిలిండర్ వాడే బాధ్యత షూటర్‌దే. విమానం ఎక్కేముందు ఆ సిలిండర్‌ను ఖాళీ చేయాలి. ఖాళీ చేయడంలోనూ ఒక పద్ధతుంది. ఒక్కసారిగా వదిలితే సిలిండర్ మంచులా చల్లబడి, లోపల ఏ కాస్త చెమ్మ ఉన్నా గోడకు పట్టేస్తుంది. మెల్లగా, చెయ్యి ఆనిస్తే చల్లదనం తెలిసీ తెలియనట్టుగా వదలాలి. గాలి ఆగగానే వాల్వు నోటికి మూత పెట్టి పొడి సంచిలో చుట్టాలి. దిగిన ఊళ్లో రేంజి సిలిండర్ దగ్గర మొదట గొట్టంలోంచి కాసింత గాలి బయటికి వదిలి, అందులో నిలిచిన చెమ్మ పోయాక తన సిలిండర్ తగిలించాలి. 20, 30 బార్లు ఎక్కించి, వదిలేసి, ఆ తర్వాతే 200 దాకా నింపాలి, అదీ నిదానంగా. త్వరగా నింపితే గాలి వేడెక్కి గడియారం 200 చూపిస్తుంది, చల్లారాక 180కి దిగుతుంది. అనుభవమున్న కోచ్‌లు కొత్త ఊళ్లో మొదటి రోజు పిల్లల చేత గుండు పేల్చకముందు ఈ పనులన్నీ చేయిస్తారు. ఆ రేంజి కంప్రెసర్ గుళిక ఎప్పుడు మార్చారని అక్కడి వాళ్లను అడుగుతారు.